అంకెలు నడిపించు ఉలి

'సి.ఎన్.సి.' యను మూడక్షరములు నేడు కొయ్యపనివారి నోటను, ఇనుపపనివారి నోటను తఱచుగా వినవచ్చుచున్నవి. తలుపుపై తామరపువ్వు చెక్కవలెనన్న పూర్వము వడ్రంగి దినములకొలది వంగి కూర్చుండి ఉలితో తీయవలసి యుండెను. నేడు బల్లపై పలకను బిగించి మీట నొక్కినచో, గిరగిర తిరుగు ములికి యొకటి ఆ పలకమీద నిటునటు సంచరించుచు పువ్వును చెక్కుచున్నది. చేయిపట్టి నడుపువాడు లేడు. దానిని నడుపునవి అంకెలు. ఇట్టి బల్లను సి.ఎన్.సి. రౌటరు బల్ల యందురు. పెద్ద కర్మాగారముల సొత్తైన యీ యంత్రమును ఇంటిప్రక్క బండి నిలుపు షెడ్డులో నొక్కడు తన చేతులతో నిర్మించుకొనుట నిప్పుడు సాధ్యమైనది. అది యెట్లు సాధ్యమైనదో నేటి ప్రసంగమున విన్నవించెదను.

ఇది అమెరికానుండి దిగివచ్చిన వింత యని పలువురు తలంతురు. అది సగమే నిజము. దీని వేళ్లు మగ్గములో నున్నవి. మా ఎల్లారెడ్డిపేట సిరిసిల్లనుండి కామారెడ్డికి పోవు బాటలో నున్న యూరు. మరమగ్గమును మావైపు సాంచె యందురు. ఆ సాంచెల చప్పుడు వినుచు పెరిగిన మాకు మగ్గముతో కథ మొదలిడుట సహజమే గదా!

బట్టలో పువ్వు నేయుట యనగా, పేక పోవు ప్రతిమారును ఏ పడుగుపోగు పైకి లేవవలెనో, ఏది క్రింద నుండవలెనో నిర్ణయించుట. పూర్వము పట్టుమగ్గములకు నేతగానికి తోడుగా నింకొకడు, తఱచు నొక బాలుడు, దారములు లాగుచు నుండెడివాడు. ఫ్రాన్సుదేశమున లియాన్ పట్టణములో 1725లో బూషాన్ అనునతడు ఆ లాగుడును చిల్లులు పొడిచిన కాగితమునకు అప్పగించెను. 1728లో ఫాల్కన్ అనునతడు కాగితమునకు బదులు అట్టలను కుట్టి వరుసగా కట్టెను. ఈ యుపాయములను కూర్చి నమ్మదగిన యంత్రముగా 1804 ప్రాంతమున నిలిపినవాడు జాకార్డు. చిల్లున్నచోట సూది దూరును, పోగు లేచును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు క్రిందనే యుండును. కలదు, లేదు అను రెండు మాటలతో మల్లెపొద యంతయు నేయవచ్చునని దీనివలన తేలినది. 1839లో జాకార్డు ప్రతిబింబమునే పట్టులో నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవట. అట్టి పటమొకటి ఆంగ్లగణితజ్ఞుడగు బాబేజీ సంపాదించి, గణనయంత్రమునకు అట్టలతో ఆజ్ఞ లిచ్చుటను తన అతిథులకు బోధించుటకై చూపెడివాడు. నేటి కంప్యూటరునకు నేతగాడు మేనమామ వరుస యనిన తప్పుగాదు.

ఇచ్చట నొక్కమాట. లియాన్ నేతవారు 1831లోను, మరల 1834లోను తిరుగబడిరి. అట్టలు వచ్చినందుకని కొందరు వ్రాయుదురు గాని, 1831లో వారి ప్రధానమైన తగవు కూలిధరపై. మూరకింతయని ధర నిర్ణయింపుమని వారడిగిరి; వర్తకులలో పలువురు సమ్మతింపలేదు. ఈ సంగతి మనసున నుంచుకొనుడు.

అంకె యుండిన చాలదు. అంకెను దూరముగా మార్చు సాధనము వలయును. ఆ పని చేయునది మరచుట్టు గల కమ్మి. కమ్మి యొక్కచుట్టు తిరిగినచో దానిపై నున్న దిమ్మ యింతదూరమే జరుగును. అట్టి చుట్లను తేడాలేక కోయు తరిమెనను ఇంగ్లాండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున సిద్ధపరచెను. ఇటు చిల్లుల అట్ట, అటు మరకమ్మి; ఈ రెండును కలియుటకు నూటయేబదియేండ్లు పట్టినవి.

ఆ కలయిక కథ విన ముచ్చటగా నుండును. అమెరికాలో మిచిగాన్ రాష్ట్రమున జాన్ పార్సన్స్ అనునతడు హెలికాప్టరు రెక్కలు చేయించుచుండెను. ఆ రెక్క వంపును సరిగా కోయుటకు తగిన అచ్చులు కావలసియుండెను. అతడు వంపును అనేక బిందువులుగా లెక్కకట్టించి పట్టీ వ్రాయించెను. పనిశాలలో నొకడు ఆ పట్టీనుండి అంకెలు చదువును. ఒకడు అడ్డముగా జరుపు చక్రమును, ఇంకొకడు నిలువుగా జరుపు చక్రమును ఆ యంకెమేరకు త్రిప్పును. బడిలో నేను ఎక్కాలు చెప్పించినట్లే! చదువువానిని, త్రిప్పువారిని తొలగించి యంత్రమే చదువుకొని త్రిప్పుకొనునట్లు చేయవలెనని పార్సన్స్ తలంచెను. 1949లో అమెరికా వైమానికదళము ధనమిచ్చెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 1952లో చిల్లుల కాగితపుపట్టీతో నడచు కోతయంత్రమును లోకమునకు చూపిరి. జాకార్డు అట్ట యినుమును కోయ నేర్చినది.

అయితే ఆ కాలముననే మరియొక మార్గముండెను. ఆరితేరిన పనివాడు మొదటి వస్తువును తన చేతితో కోయును; యంత్రము అతని కదలికలను అయస్కాంతపుపట్టీపై వ్రాసికొని పిదప అట్లే మరల చేయును. డేవిడ్ నోబుల్ అను చరిత్రకారుడు 1984లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్గము వెనుకబడుటకు గల కారణమును చర్చించెను. పనితనమును పనివాని చేతినుండి తీసి కార్యాలయపు బల్లమీదికి చేర్చుట యజమానులకు ఇష్టమగుటయే ముఖ్యకారణమని అతని వాదము. అంకెల పద్ధతికి స్వతస్సిద్ధమైన బలము కూడ కలదు; చేతికి అందని వంపులను అది కోయగలదు. కనుక నోబుల్ మాటను పూర్తిగా నొప్పుకొనను. కాని ఆజ్ఞాపట్టీ యెవరి చేతిలో నుండునో పనియు వారి చేతిలోనే యుండునను అతని చూపు సరియైనదే.

పిమ్మట యాభైయేండ్లు ఈ విద్య ధనవంతుల కర్మాగారములలోనే యుండెను. దాని తలుపు తీసినది ఉచితముగా పంచిన పనితనము. 2005లో ఇటలీలో ఆర్డుయినో అను చిన్న పలక వెలసినది. అరచేతిలో నిముడును, ధర స్వల్పము. 2009లో నార్వే దేశీయుడొకడు ఆ పలకకు అంకెల ఆజ్ఞలను చదువ నేర్పు 'గ్రబుల్' అను ప్రోగ్రామును వ్రాసి యెల్లరకు విడిచిపెట్టెను. ఆజ్ఞల భాషయు చిన్నదే: 'జి' సున్న యనిన వేగముగా పొమ్ము, 'జి' ఒకటి యనిన కోయుచు తిన్నగా పొమ్ము, రెండు, మూడు అనిన వంపుగా కుడికి, ఎడమకు తిరుగుము. అక్షరాభ్యాసము చేసినవాడు నాలుగుదినములలో నేర్చుకొనవచ్చును.

మా యూరి వడ్లవారి యింటి పిల్లవాడొకడు, పూర్వము నాయొద్ద చదువుకొన్నవాడు, తన యింటి షెడ్డులో ఇట్టి బల్లను కట్ట మొదలిడెను. చతురస్రపు ఇనుపగొట్టములను అతికించి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల చట్రము చేసెను. అతుకువేడికి ఇనుము లాగుకొని చట్రము వంకరవోయినది. గునియ పెట్టి చూచిన మూల సరిగానే కనబడును గాని, కోసిన చదరము కొంచెము వాలుగా వచ్చును. నన్ను పిలిచి, "సారూ, మూల సక్కగనే ఉన్నది, గీత ఎందుకు వంకర వస్తున్నది?" అని యడిగెను. గునియ చిన్నది, చిన్నమూలలో కనబడని తప్పు నాలుగడుగుల దూరమున బయటపడును. కర్ణములు కొలువుమంటిని. ఒకటి రెండవదానికంటె నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువగా నున్నది. మూడును నాలుగును భుజములైన కర్ణమైదు కావలెను. యజ్ఞవేదికను త్రాటితో కొలుచుటకై బోధాయనుడు శుల్బసూత్రములలో చెప్పిన సంగతి యిదే, శుల్బమనగా త్రాడు. రేకుముక్కలు పెట్టి, బోల్టులు సడలించి బిగించి, రెండు కర్ణములను సమానము చేయుటకు మూడుదినములు పట్టినది.

అతని మోటారు ఒక్కచుట్టును 200 అడుగులుగా వేయును. విద్యుత్తును నియమించి ప్రతియడుగును ఎనిమిది భాగములు చేసిన 1,600. మరకమ్మి యొక్కచుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుపును. కావున మిల్లీమీటరునకు 320 భాగములు. మన శిల్పశాస్త్రములలో అంగుళమునకు ఎనిమిది యవలు, యవకు ఎనిమిది యూకలు, యూకకు ఎనిమిది లిక్షలు, లిక్షకు ఎనిమిది వాలాగ్రములు అని మయమతము చెప్పును. అంగుళమును సుమారు 19 మిల్లీమీటర్లుగా గొన్నచో ఈ యంత్రపు అడుగు వాలాగ్రముకంటెను చిన్నది. లెక్కలో నిట్లు. పనిలో మాత్రము మరకమ్మికి దిమ్మకు నడుమ గల సందు, ములికి వణకుట, వానకాలమున టేకు ఉబ్బుట కలిసి ఆ గర్వమును చాలమట్టుకు అణచును. సందును తీసివేయుటకు దిమ్మను రెండుగా చేసి నడుమ స్ప్రింగు పెట్టుదురు.

ఇక పువ్వు సంగతి. ఆ పిల్లవాని తండ్రి చేతిపని పేరుగన్నది. దర్వాజలకు చెక్కు తామరలకు ఆయనయొద్ద కాగితపు నమూనా లుండెను. వానిని కుమారుడు ఫొటో తీసి గీతలుగా మార్చి యంత్రమునకు చదివించెను. పట్టణమునుండి వచ్చు తయారు తలుపులపై నేదో యొకే పువ్వు. ఈ తలుపుపై తండ్రి పువ్వు. ములికి గుండ్రన గనుక లోపలిమూలలను పదునుగా తీయలేదు. వానిని తండ్రి ఉలితో తీయును.

యంత్రమును ఇంటనే పుట్టించినవారు మన తెలుగునాట నింతకుముందే కలరు. ఆలేరు ప్రాంతపు శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశము ఆరవ తరగతితో చదువు మానినవాడు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయుటలో తల్లి లక్ష్మి చీరకు వేలమార్లు చేయి చాచి భుజపునొప్పితో బాధపడుట చూడలేక 1992లో పూనుకొని, 1999లో ఆసుయంత్రమును ముగించెను. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. తనవారి బాధనుండి పుట్టిన యంత్రము గనుక అది తనవారి యిండ్లలోనే కుదురుకొన్నది.

సిరిసిల్ల సాంచెల కథ వేరు. అవి వెలుపలినుండి వచ్చినవి. నూలు ఒకరిది, సాంచె ఆసామిది, చేయి కూలివానిది, గుడ్డధర బజారుది. 1990ల చివరను, 2000ల ఆదిని పనిలేక, అప్పులు తీరక ప్రాణములు తీసికొన్న నేతన్నల వార్తలు మేము వినని మాసము లేదు. 2017 మొదలు కొన్నియేండ్లు బతుకమ్మ చీరల పనివలన సాంచెలు మరల ఆడినవి. లియాన్ వారి తగవే యిచ్చటను: మూరకెంత?

వడ్లవారింటను ఆ ప్రశ్నయే వచ్చి కూర్చున్నది. చేతిపనికి తండ్రి పువ్వునకింతయని తీసికొనెడివాడు. యంత్రము కొన్నిగంటలలో ముగించును గనుక గంటకింతయని తీసికొందమని కుమారుడు. అట్లయిన తన నమూనాకు, మూలలు తీసిన తన ఉలికి వెల యేదని తండ్రి. తోటి వడ్లవా రిద్దరు ఆ గీతల పత్రమును తమకును ఇమ్మనిరి. గ్రబుల్‌ను వ్రాసినవాడు తనది ఉచితముగా నిచ్చెను గదా యని కుమారుడు ఇచ్చివైచెను. తండ్రి దానికి అడ్డుచెప్పలేదు గాని, ధర విషయమున మాత్రము వారిద్దరును నేటికిని ఏకీభవింపలేదు.