సున్న వేరు, కబురు రాకపోవడం వేరు

ఈ ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. పే కమిషన్ల చరిత్ర వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు కనుక, నేను వానను, ఏటి నీటిని కొలిచే లెక్క గురించి వ్రాస్తున్నాను. ఆ లెక్కలో నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది.

మన రెండు జిల్లాలకు ప్రాణం పోసే వంశధార, నాగావళి రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టినవే. రెండూ దాదాపు 250 కిలోమీటర్లు ప్రయాణించి, ఒకటి కళింగపట్నం దగ్గర, మరొకటి శ్రీకాకుళం దిగువన కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఏజెన్సీలో కుండపోతగా కురిస్తే కొద్ది గంటల్లోనే ఆ నీరు మన ఊళ్ల మీదికి వస్తుంది. కాబట్టి పైనున్న కాశీనగర్ దగ్గర వంశధార నీటిమట్టం ఎంతో తెలిస్తేనే కింద హిరమండలం వద్ద గొట్టా బ్యారేజీ గేట్ల సంగతి ఆలోచించుకోగలరు. ఆ అంకె నీటికంటే ముందు రావాలి. ఈ చరిత్ర అంతా ఆ తొందరలోనే ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన 1970వ దశకంలో ఏటి మట్టమంటే వంతెన స్తంభానికో, రేవులోనో బిగించిన గేజి పలకే. రాత్రి వేళ లాంతరు పట్టుకుని వెళ్లి ఆ గీతలు చదివేవారు. వానకైతే ఆఫీసు ఆవరణలో వర్షమాపకం. ఉదయం 8.30కి అందులో నీటిని కొలగాజులో పోసి మిల్లీమీటర్లు చూసి, టెలిగ్రాం ద్వారానో, పోలీసు వైర్‌లెస్ ద్వారానో పంపేవారు. వచ్చిన అంకెలన్నీ ఒక స్టేట్‌మెంటులో ఎక్కించి పైకి పంపడం నా పని.

ఒకసారి ముసురు రోజుల్లో కొండ దాపున ఉన్న ఒక స్టేషను నుంచి రిపోర్టు రాలేదు. తీగలు తెగి ఉంటాయి. స్టేట్‌మెంటు పంపే వేళయింది. గడి ఖాళీగా ఉంటే పైనుంచి తాఖీదు వస్తుందన్న భయంతో అక్కడ '0.0' అని వేసి పంపాను. ఆ మధ్యాహ్నం గెడ్డ పొంగింది. బండి దాటిస్తున్న రైతు ఒడ్డున పడ్డాడు గాని, కాడి ఎడ్లు రెండూ కొట్టుకుపోయాయి. మర్నాడు మా బంట్రోతు టపా కట్ట దించుతూ, "కాయితం రాలేదంటే వాన రానట్టేటి బాబూ?" అన్నాడు. నేను ఖాళీ వదిలి ఉంటే ఆ ఎడ్లు బ్రతికేవని చెప్పలేను. కాని ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు "అక్కడేమైంది?" అని అడిగేవారు. ఆ ప్రశ్నను నా సున్న ఆపేసింది.

పదవీ విరమణ తరువాత, ఈ పని యంత్రాలు ఎలా చేస్తున్నాయో తెలుసుకోవాలనిపించి చదివాను. లోహపు తీగను లాగితే అందులో విద్యుత్తుకు కలిగే నిరోధం మారుతుందని 1856లో లార్డ్ కెల్విన్ పరిశీలించాడు. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు, ఎవరికి వారుగా, సన్నని తీగను వస్తువుకు అంటించి అది ఎంత సాగిందో ఆ నిరోధంతో కొలిచారు. సిలికానులో ఈ మార్పు లోహంకంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1954లో చార్లెస్ స్మిత్ చూపించాడు. అందుకే ఇప్పుడు వేలిగోరంత సిలికాను పొరను ఏటి అడుగున ఉంచవచ్చు. పైన నీరు పెరిగినకొద్దీ బరువుకు ఆ పొర వంగుతుంది, నిరోధం మారుతుంది, ఆ మార్పు విద్యుత్ సంకేతమవుతుంది. దీనినే సెన్సార్ అంటున్నారు.

నన్ను ఆశ్చర్యపరచింది ఆ తరువాతి సంగతి. ఇటువంటి సెన్సార్లు చాలావరకు తమ కొలతను 4 నుంచి 20 మిల్లీ యాంపియర్ల కరెంటుగా పంపుతాయి. పది మీటర్ల వరకు కొలిచే పరికరంలో నీరు లేకపోతే 4, అయిదు మీటర్లుంటే 12, పది మీటర్లుంటే 20. సున్న నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? తీగ తెగితే కరెంటు సున్న అవుతుంది కనుక. 4 వస్తే 'నీరు లేదు' అని అర్థం. ఏమీ రాకపోతే 'కబురు లేదు' అని అర్థం. కర్మాగారాల్లో కరెంటుకు బదులు గాలి ఒత్తిడితో కొలతలు పంపిన రోజుల్లోనూ 3 పౌండ్ల నుంచి 15 పౌండ్ల వరకని ఇదే పద్ధతి ఉండేది. మా బంట్రోతు అడిగిన ప్రశ్నకు ఇంజనీర్లు ఎప్పుడో జవాబు కట్టి ఉంచారన్నమాట!

అయితే అన్ని పరికరాలకూ ఈ తెలివి లేదు. కొత్త వర్షమాపకంలో తక్కెడలాంటి చిన్న దొప్పలు రెండుంటాయి. ఒకటి నిండి ఒరిగినప్పుడల్లా అయస్కాంతం ఒక స్విచ్చిని తాకించి ఒక లెక్క పంపుతుంది. గరాటులో ఆకు అడ్డుపడితే, ఎంత వాన కురిసినా అది సున్న అనే చెబుతుంది. ఎవరో ఒకరు వెళ్లి ఆ ఆకు తీయవలసిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి వాతావరణ రాడారే దెబ్బతిన్నది. బొమ్మ ఆగిపోయింది గాని, ఆకాశం తేటపడిందని ఎవరూ అనుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలు కూలి, ఉద్దానం ఊళ్ల నుంచి ఫోన్లు మూగబోయాయి. ఎక్కువ దెబ్బతిన్న ఊళ్ల నుంచే కబుర్లు ఆలస్యంగా వచ్చాయి. అలాంటి చోట నిశ్శబ్దాన్ని 'క్షేమం' అని చదివితే ఎంత ప్రమాదం!

మన పిల్లలు, మనుమలు ఈనాడు కంప్యూటర్ల ముందు కూర్చుని ఇవే స్టేట్‌మెంట్లు తయారుచేస్తున్నారు. ఖాళీ గడి కనిపిస్తే చేతికి సున్న కొట్టాలనిపించడం మానవ సహజం. కొట్టవద్దని చెప్పండి. 'రిపోర్టు రాలేదు' అని వ్రాసి, ఎందుకు రాలేదో కనుక్కోమనండి. రెండు ఎడ్ల ఖరీదుకు నేను నేర్చుకున్న పాఠమిది.