వెండితెర వంశావళి

హైదరాబాద్ నుంచి సాతంరాయి మీదుగా శంషాబాద్ చేరి నర్కూడ దిక్కుకు మళ్ళితే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం వస్తుంది. అక్కడ చిత్రీకరణ జరిపితే జయం కలుగుతుందని తెలుగు సినిమావారి విశ్వాసం. ఆ గోపురచ్ఛాయలో అగ్రనటుల కుమారులూ కెమెరా ముందు నిలిచారు, ఏ అండా లేని కొత్తవారూ నిలిచారు.

బంధుత్వం మన చిత్రసీమకు ఇటీవల సోకిన రుగ్మత అనుకోవడం చరిత్రకు సరిపడదు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిన రఘుపతి ప్రకాశ్ ఆ పరిశ్రమ మూలపురుషుడు వెంకయ్యనాయుడి కుమారుడే. అయినా తరువాతి దశాబ్దాలలో ద్వారం విశాలంగానే తెరచుకున్నది. రైతు కుటుంబంలో పుట్టి నాటకాలలో స్త్రీపాత్రలు ధరిస్తున్న అక్కినేని నాగేశ్వరరావును ఘంటసాల బలరామయ్య విజయవాడ రైలుస్టేషనులో చూసి, 'సీతారామ జననం' (1944)లో రాముణ్ణి చేశారు. సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం విడిచి వచ్చిన నందమూరి తారక రామారావు 'మన దేశం' (1949)తో తెరకెక్కి, అనంతరం విజయా సంస్థలో నెలజీతానికి కుదిరారు. ఈ జీతం దగ్గర కొంత ఆగాలి. నటుణ్ణి తీర్చిదిద్దే వ్యయాన్నీ, చిత్రం పరాజయం పొందితే కలిగే నష్టాన్నీ సంస్థే భరించినంతకాలం అతని తండ్రి ఎవరన్న ప్రశ్నకు బజారులో ధర పలకలేదు. 1965లో సైతం ఆదుర్తి సుబ్బారావు పత్రికా ప్రకటనతో కొత్తవారిని ఎంచుకొని 'తేనె మనసులు' తీయగలిగారు. కృష్ణ అలా వచ్చినవారే.

స్టూడియోల ఆ వ్యవస్థ సడలి, చిత్రానికింతని పారితోషికం పుచ్చుకునే పద్ధతి స్థిరపడి, నిర్మాత పంపిణీదారుల అడ్వాన్సులపై ఆధారపడవలసి వచ్చినప్పుడు, ఇంకా కాగితం మీదనే ఉన్న చిత్రానికి ముందుగా సొమ్ము రాబట్టగల హామీ ఒకటి అవసరమైంది. ఇంటిపేరు ఆ హామీ అయింది. 1986లో నాగార్జున 'విక్రమ్'తోనూ, వెంకటేశ్ 'కలియుగ పాండవులు'తోనూ ప్రవేశించేనాటికి ఒకరి ఇంట అన్నపూర్ణ స్టూడియో, మరొకరి ఇంట సురేశ్ ప్రొడక్షన్స్ నిలదొక్కుకొని ఉన్నాయి. తరువాతి తరానికి అభిమాన సంఘాలు, థియేటర్ల లీజులు తోడయ్యాయి. వారసులందరూ నిలిచారని కాదు. ప్రేక్షకుడు నిర్దాక్షిణ్యంగా తిరస్కరించినవారూ ఉన్నారు. కాని వారసునికి పరాజయం వెంట మరొక చిత్రం దొరుకుతుంది, కొత్తవానికి ఆ రెండో అవకాశమే దుర్లభం. అన్యాయమంటూ ఉంటే అది ప్రవేశంలో కంటె ఇక్కడే ఎక్కువ. పైగా ఈ వారసత్వం దాదాపుగా పుత్రులకే సంక్రమించింది. కథానాయికలను మాత్రం బయటినుంచి తెచ్చుకోవడానికి ఏ వంశమూ సందేహించలేదు.

వంశకర్తలు కూడా ఒకనాటి కొత్తవారే. మొగల్తూరు నుంచి మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మీదుగా వచ్చి 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరపై కనిపించిన చిరంజీవి ఇందుకు సాక్ష్యం. నష్టం స్వల్పమైనచోట ఆ ద్వారం మళ్ళీ మళ్ళీ తెరచుకుంది: తేజ 'చిత్రం' (2000), శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' (2007) కొత్త ముఖాలతోనే గెలిచాయి. 'రాధాగోపాళం' (2005)కు బాపు వద్ద సహాయకుడిగా పనిచేసిన నాని 2008లో 'అష్టా చమ్మా'తో నాయకుడయ్యారు. పదేళ్ళ తరువాత ప్రశాంత్ వర్మ అనే కొత్త దర్శకుని తొలి చిత్రం 'అ!'ను నిర్మించింది ఆయన సంస్థే.