జన్యువు నోరు మూయించే మాత్ర - మొంగర్సెన్ కథ

జన్యువుని మార్చక్కర్లేదు, దాని నోరు మూయిస్తే చాలు.. ఈ ఆలోచన మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఇట్టే నచ్చుతుంది. సోర్స్ కోడ్ ముట్టుకోకుండా, అది పంపే మెసేజ్‌ని దారిలో ఆపేయడం అన్నమాట. ఆ మెసేజే ఆర్‌ఎన్‌ఏ. దానికి అతుక్కునే చిన్న ముక్కని కణంలోకి పంపిస్తే, ఆ ప్రోటీన్ తయారవడం తగ్గిపోతుంది.

చిక్కల్లా పంపించడంలోనే ఉంది. 1998లో అనుమతి వచ్చిన ఫోమివిర్సెన్‌ని నేరుగా కంట్లోకి ఇంజెక్షన్ చేసేవారు. 2018లో వచ్చిన పటిసిరాన్ పనిచేసేది కాలేయం మీద. నోట్లో వేసుకుంటే కడుపులో యాసిడ్, ఎంజైములు ఉండనే ఉన్నాయి.

మరి జబ్బు పేగులోనే ఉంటే? మందు రక్తంలో కలవాల్సిన పనే లేదు కదా! క్రోన్స్ జబ్బులో వాపు ఎక్కువగా చిన్నపేగు చివర వస్తుంది. వాపుకి బ్రేకు వేసే టీజీఎఫ్-బీటా1 అక్కడ ఉన్నా, స్మాడ్7 అనే ప్రోటీన్ ఆ బ్రేకు పడనివ్వట్లేదని 2001లో మొంటెలియోనే బృందం చూపించింది. ఆ స్మాడ్7 నోరు మూయించడానికి తయారైందే మొంగర్సెన్. కడుపులో కరగకుండా, చిన్నపేగు చివరికి చేరాకే విచ్చుకునే పూతతో దాన్ని మాత్రగా చేశారు.

2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలొచ్చాయి. రోజుకి 160 మిల్లీగ్రాములు రెండు వారాలు వాడినవాళ్ళలో 65 శాతం మందికి ఉపశమనం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 10 శాతానికే! అంతకుముందే, 2014లో, సెల్జీన్ కంపెనీ 71 కోట్ల డాలర్లు ముందుగా చెల్లించి దీని హక్కులు కొనేసింది. 2017 అక్టోబరులో మూడో దశ పరీక్షలు ఆపేసింది. ప్రయోజనం కనిపించే ఆశ లేదని తేలింది.

ఎక్కడ తేడా కొట్టింది? మొదటి పరీక్షలో లెక్కంతా ఎక్కువగా రోగి చెప్పే నొప్పి, విరేచనాల మీదే నడిచింది. లోపల పుండు మానిందా లేదా అని ఎండోస్కోపీతో చూడలేదు. మూడో దశలో వాడిన మందు బ్యాచిలు రసాయనికంగా ఒకేలా లేవనీ, కొన్ని స్మాడ్7ని సరిగ్గా తగ్గించలేకపోయాయనీ తర్వాత మొంటెలియోనే బృందమే రాసింది. అంటే ఓడింది ఆలోచనా, తయారీయా అన్నది తేలనేలేదు!

నాకైతే ఇక్కడే బాధనిపిస్తుంది. పార్సిల్ గుమ్మం దాకా చేరితే డెలివరీ అయిపోయినట్టు కాదు. లోపల ఉన్నది సరైన సరుకేనా, ఇంట్లోవాళ్ళకి పనికొచ్చిందా అనేది కూడా చూడాలి. క్రోన్స్ రోగులు ఏళ్ళ తరబడి ఈ జబ్బుతోనే బతకాలి. వాళ్ళకి ఆశ చూపించేముందు ఒక ఎండోస్కోపీ, ప్రతి బ్యాచికీ ఒక పరీక్ష.. ఇవేమంత పెద్ద ఖర్చు, 71 కోట్ల డాలర్ల ముందు?