బంగారు ఎరుపు, ఉప్పుటేరు ఉప్పు

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. ఫిట్స్, కళ్ళు తిరగడం, వాంతులు. కొందరు కాసేపట్లోనే తేరుకున్నారు, కొందర్ని విజయవాడ పంపాల్సొచ్చింది. వారం తిరిగేసరికి ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఆరు వందలు దాటారు. కరోనా కాలం కనుక ముందు కోవిడ్ పరీక్షలు చేశారు. అది కాదని తేలింది. రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయలు సీసాల్లోకెక్కి మంగళగిరి, హైదరాబాదు, ఢిల్లీ బయల్దేరాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ నుంచి కబురొచ్చింది. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్ళింది. అవి ఏ దారిన ఒంట్లో చేరాయన్నది మాత్రం అందరూ ఒప్పుకునేలా తేలలేదు.

ఆ ఏడాది దేశమంతా వాడిన కోవిడ్ యాంటిజెన్ కిట్లలో చాలావాటి మీద కనిపించే ఎర్రగీత రంగు కాదు, బంగారం. కొన్ని పదుల నానోమీటర్ల బంగారు రేణువులు వేలకు వేలు ఒకచోట చిక్కుకుంటే మన కంటికి గీతలా ఆనుతాయి. మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ పట్టీల్లోనూ చాలాకాలంగా ఉన్నది ఇదే. అంటే లోహపు నానోరేణువులతో పరీక్ష చేసే పద్ధతి ఏలూరుకు కొత్తేమీ కాదు, వీధివీధికీ వచ్చే ఉంది. కానీ అది వైరస్‌ను అడగగలదు, సీసాన్ని అడగలేదు. ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1857లో లండన్‌లో మైకేల్ ఫారడే బంగారు క్లోరైడు ద్రావణాన్ని భాస్వరంతో క్షయీకరించి కెంపు రంగు ద్రవం తయారు చేశాడు. అందులో ఉన్నది కంటికి ఆననంత సన్నని బంగారమేనని చెప్పాడు. ఆయన చేసిన సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. అందరూ చెప్పుకునేది ఈ ఎరుపు గురించే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆయన గమనించిన మరో రెండు సంగతులు. ఆ ఎర్రటి ద్రవంలో కాస్త ఉప్పు వేస్తే నీలంగా మారిపోతుంది. ముందే కొంచెం జెలటిన్ కలిపి ఉంచితే మారదు.

ఈ రెంటి మీదే ఆస్ట్రియాలో పుట్టి జర్మనీలో పనిచేసిన రిచర్డ్ జిగ్మాండీ ఒక కొలమానం కట్టాడు. పది మిల్లీలీటర్ల ఎర్ర బంగారు సాల్‌లో ఒక మిల్లీలీటరు పది శాతం ఉప్పునీళ్ళు పోసినా రంగు మారకుండా ఉండాలంటే ఎన్ని మిల్లీగ్రాముల జిగురు కావాలి? ఆ లెక్కే గోల్డ్ నంబరు. జెలటిన్‌కు మిల్లీగ్రాములో వందో వంతు లోపే సరిపోతుంది. తుమ్మజాతి జిగురైన గమ్ అరబిక్‌కు దాని కన్నా ఇరవై రెట్ల పైనే పడుతుంది. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో ఒక మార్కు ప్రశ్నగా దీన్ని బట్టీ పట్టినవాళ్ళు మన జిల్లాల్లో లక్షల్లో ఉంటారు. నీళ్ళ పరీక్షకు అదే కీలకమవుతుందని పాఠం చెప్పినవాళ్ళూ అనుకుని ఉండరు. జిగ్మాండీకి 1925 సంవత్సరపు నోబెల్ వచ్చింది. ఈలోగా 1908లో గుస్తావ్ మీ అనే శాస్త్రవేత్త ఆ రంగులకు గణితం రాశాడు. రేణువులు విడివిడిగా ఉంటే ఎరుపు, దగ్గరికి చేరితే నీలం.

అసలు కీలకమంతా ఆ దగ్గరికి చేరడంలోనే ఉంది. 1951లో టర్కెవిచ్ అనే రసాయనవేత్త బంగారు లవణాన్ని సిట్రేటుతో కలిపి మరిగించే తేలిక పద్ధతి ఇచ్చాడు. లేతగా ఉన్న నీళ్ళు నలుపెక్కి, ఊదా తిరిగి, చివరికి ద్రాక్షసారా ఎరుపుకొచ్చి ఆగుతాయి. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఇప్పుడు చేసేదీ ఇదే. రేణువుల మీద పట్టిన సిట్రేటు వాటికి ఋణావేశం ఇస్తుంది కనుక ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరంగా ఉంటాయి. వాటిని దగ్గరికి లాగేది ఏదైనా పడితే రంగు మారుతుంది. ఆ లాగేదాన్ని మనం ఎంచుకోగలిగితే పరీక్ష తయారైనట్టే. 1996లో అమెరికాలో చాడ్ మిర్కిన్ బృందం డీఎన్ఏ పోగులతో బంగారు రేణువుల్ని కలిపి చూపింది. 2003లో ఇల్లినాయ్‌లో జువెన్ లియు, యీ లూ ఇద్దరూ సీసం ఉంటేనే తెగే డీఎన్ఏ ఎంజైముతో ఆ రేణువుల్ని ముడివేశారు. సీసం తగలగానే ముడి తెగుతుంది, నీలం ఎరుపవుతుంది. ఏలూరు ఘటనకు పదిహేడేళ్ళ ముందు మాట ఇది.

పురుగుమందులకు ఇంకో దారి దొరికింది. ఆర్గానోఫాస్ఫేటు మందులు మన నరాల్లో ఎసిటైల్‌కోలిన్ఎస్టరేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తాయి. ఆ ఎంజైమునే గాజుగొట్టంలోకి తెచ్చి ఎసిటైల్‌థయోకోలిన్ తినిపిస్తే థయోకోలిన్ వదులుతుంది. దానిలోని గంధకం బంగారాన్ని పట్టి లాగుతుంది, ద్రవం నీలమవుతుంది. నీళ్ళలో మందు ఉంటే ఎంజైము పనిచేయదు, ఎరుపు ఎరుపుగానే ఉండిపోతుంది. ఏమీ జరగకపోవడమే ఇక్కడ ప్రమాద సూచన.

ఇంతవరకు బాగానే ఉంది, గాజుగొట్టంలో. ఇప్పుడు ఆ గొట్టంలో కొల్లేటి నీళ్ళు పోయండి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరుకు బుడమేరు విజయవాడ మురుగును వెంటబెట్టుకుని వస్తుంది. తమ్మిలేరు ఏలూరును చుట్టుకుని వస్తుంది. ఇవి కాక వరిచేల నీటిని దించే డ్రెయిన్లు, చేపల చెరువులు వదిలే నీళ్ళు. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుగట్లు పేల్చారు. చేపల కండలో పురుగుమందుల అవశేషాలున్నాయని 2001లోనే శాస్త్రపత్రిక వ్యాసం వచ్చింది. సరస్సు పక్క రొయ్యల చెరువుల్లో పురుగుమందులు, భారలోహాల మీద మరొకటి 2006లో వచ్చింది. వెతకాల్సిన విషాల జాబితాకు ఇక్కడ లోటేమీ లేదు.

వేసవిలో సరస్సు మట్టం దిగితే సముద్రపు పోటు ఉప్పుటేరు మీదుగా పైకి ఎగదన్నుతుంది. ఆ ఏటికి అడ్డంగా రెగ్యులేటరు కట్టాలన్న మాట ఎన్ని ప్రభుత్వాలు మారినా వినిపిస్తూనే ఉంది. రైతుకు ఉప్పునీళ్ళు అంటే వేరే బాధ. నానోరేణువుల పరీక్షకు అదో ఎదురుదెబ్బ. సిట్రేటు పూసిన బంగారానికి ఉప్పు తగిలితే నిమ్మరసం పడ్డ పాలలా విరుగుతుంది. సీసం ఉన్నా, మందు ఉన్నా నీలమే. ఫారడే 1857లో చూసింది ఉప్పుటేరు ముఖాన ప్రతి వేసవీ మళ్ళీ జరుగుతుంది. వానాకాలంలో ఇంకో చిక్కు. కుళ్ళిన ఆకూ నాచూ వదిలిన హ్యూమిక్ పదార్థాలు రేణువుల చుట్టూ తొడుగులా పట్టి, పురుగుమందు లేకపోయినా రంగు మారనివ్వవు. ఒకే పరీక్ష మే నెలలో ఉన్న దోషం దాస్తుంది, సెప్టెంబరులో లేని దోషం చెబుతుంది.

కనుక ఈ శాస్త్రం చరిత్రను రేణువుల చరిత్రగా కాక రేణువు మీది పూత చరిత్రగా చదవడం మేలనుకుంటాను. అలా చదివితే తెలుగునాట జరిగిన ఒక పని ప్రత్యేకంగా కనిపిస్తుంది. మన అడవుల్లో కొండగోగు చెట్టుంది. పసుపురంగు పెద్ద పూలు, బెరడుకు గాటు పెడితే కారే జిగురు. గిరిజనులు ఏరి అమ్మే అటవీ సరుకుల్లో ఈ జిగురొకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆర్.బి. శశిధర్ బృందం దీన్ని పట్టుదలగా పరిశీలించింది. నీళ్ళలోంచి నికెల్, క్రోమియంలను అది పట్టుకుంటుందని 2010లో ప్రచురించారు. అదే ఏడాది ఆయన, హైదరాబాదులోని జాతీయ పదార్థ విశ్లేషణ కేంద్రానికి చెందిన అరుణజ్యోతి కోరా, అరుణాచలం కలిసి ఈ జిగురుతోనే వెండి నానోరేణువులు చేశారు. బయటి నుంచి క్షయకరణి అక్కర్లేదు, స్థిరీకరించేది విడిగా అక్కర్లేదు. వెండి లవణాన్ని లోహంగా మార్చేదీ జిగురే, పుట్టిన రేణువును కప్పి ఉంచేదీ జిగురే.

2014లో ఆ వెండినే పాదరసానికి పరీక్షగా వాడారు. సన్నని వెండి రేణువులున్న నీళ్ళు పసుపుగా ఉంటాయి. పాదరసం అయాన్లు పడితే వెండి కరిగిపోతుంది, పసుపు వెలిసిపోతుంది. నూరేళ్ళ కిందట జిగ్మాండీ గమ్ అరబిక్‌ను తూచిన చోటికి మన కొండజిగురు ఇలా చేరింది. చక్కెరల పొడవాటి గొలుసులు రేణువు చుట్టూ అల్లుకుని అడ్డుగా నిలుస్తాయి కనుక, ఒట్టి ఆవేశం మీద ఆధారపడ్డ సిట్రేటు కన్నా జిగురు పూత ఉప్పుకు బాగా ఓర్చుకుంటుంది. వేపాకు, తులసాకు కషాయాలతో వెండి రేణువులు చేశామంటూ జిల్లా కాలేజీల నుంచి కూడా ఏటా వచ్చే వ్యాసాల్లో ఈ పూత గురించిన పట్టింపు అంతగా కనపడదు. ఆకు మారుతుంది, గ్రాఫు అదే.

విషాన్ని కనిపెట్టడం ఒక పని, విరగ్గొట్టడం ఇంకో పని. రెండో కథ నడిచిన తీరు మీద నాకు ఫిర్యాదుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో తారాశంకర్ పాల్ బృందం 2000ల మొదట్లో వెండి రేణువుల సమక్షంలో నైట్రోఫినాల్‌ను సోడియం బోరోహైడ్రైడుతో క్షయీకరించి చూపింది. పసుపు నీళ్ళు నిమిషాల్లో తేటపడతాయి. మన వరిపొలాల్లో ఏళ్ళ తరబడి చల్లి 2018లో నిషేధించిన మిథైల్ పారథయాన్ విరిగితే వచ్చేదీ నైట్రోఫినాలే కనుక ఈ చర్య మనకు పరాయిది కాదు. 2003లో మద్రాసు ఐఐటీలో ప్రదీప్, శ్రీకుమారన్ నాయర్ వెండి రేణువులు కార్బన్ టెట్రాక్లోరైడు లాంటివాటిని విరగ్గొట్టి వెండి క్లోరైడు, ఒట్టి కార్బనుగా మారుస్తాయని చూపారు. ఆ పని పురుగుమందులకూ పాకి, ఇళ్ళలోని వాటర్ ఫిల్టర్ దాకా వెళ్ళింది. కానీ వెండి అక్కడ ఖర్చయిపోతుంది. క్యాండిలు మార్చుకునే ఇంటికి అది సరిపోతుంది, సరస్సుకు కాదు. 2009లో వచ్చిన టాటా స్వచ్ ఊక బూడిద మీద వెండి అద్దింది. రైసుమిల్లుల ఊక గుట్టలు చూస్తూ పెరిగిన డెల్టావాళ్ళకు దాని చవక కిటుకు వెంటనే అర్థమవుతుంది. అయితే అది సూక్ష్మజీవుల కోసం చేసింది.

ఫిర్యాదు ఏమిటంటే, రంగు పోతే విషం పోయినట్టు లెక్క కట్టడం. మాలకైట్ గ్రీన్‌నే తీసుకోండి. చేపకు బూజు పడితే చెరువుల్లో వాడిన ఈ అద్దకం రంగు తిండి చేపల విషయంలో నిషేధం. లోహపు రేణువులు, బోరోహైడ్రైడు కలిపితే ఆకుపచ్చ నీళ్ళు క్షణాల్లో తెల్లబడతాయి. అలా పుట్టేది ల్యూకో మాలకైట్ గ్రీన్. రంగు లేదు, ప్రమాదం ఉంది. చేప ఒంట్లో జరిగేదీ సరిగ్గా ఇదే. రంగు పోయిన రూపం కొవ్వులో చేరి వారాల తరబడి నిలిచిపోతుంది. అందుకే ఐరోపావాళ్ళు రెండు రూపాలనూ కలిపి కొలుస్తారు. తెల్లబడ్డ బీకరు ఫొటో చూపి కాలుష్యం తొలగించామనే వ్యాసాలు ఈ ఒక్క పరీక్షకు నిలబడవు. పైగా నీళ్ళలో కలిసిన వెండి చేపకు తానే విషం. చేపలే బతుకుదెరువైన చోట వెండిని నీళ్ళలో చల్లే ఆలోచన పనికిరాదు. గింజకో గుడ్డకో అంటించి మళ్ళీ వెనక్కి తీసుకోగలగాలి.

రొయ్యల రైతుకు ఈ సంగతులు డబ్బు భాషలో తెలుసు. ఆ సరుకు కొనే ఐరోపాలో యాంటీబయాటిక్ అయిన క్లోరాంఫెనికాల్‌కు కిలోకు 0.3 మైక్రోగ్రాములున్న గీత 2022 నవంబరు నుంచి 0.15కు దిగింది. నైట్రోఫ్యూరాన్లకు ఒకటి నుంచి సగానికి దిగింది. అంత సన్న మోతాదును చెరువుగట్టున చూడాలంటే యాంటీబాడీ పూసిన బంగారు రేణువుల పట్టీలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. రేణువులు నిజంగా పొలంలోకి వచ్చింది అలాంటి కొనుగోలుదారు ఉన్నచోటే. 2018 జులైలో, చేపలు చెడకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవలో, అస్సాం పది రోజులపాటు ఆంధ్రా చేపల్ని ఆపేసినప్పుడు అక్కరకొచ్చింది కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేసిన మామూలు రసాయనపు పట్టీ. అన్నిటికీ నానోయే కానక్కర్లేదు. తాగునీటిలో సీసానికి మాత్రం అలాంటి కొనుగోలుదారు లేడు, మునిసిపాలిటీ తప్ప.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. కొల్లేరు అక్కడికి బస్సు దూరం. ఇప్పటి అలవాటు ప్రకారం వ్యాసాల్లో 'నిజమైన నమూనా' అంటే సరస్సు నీళ్ళు తెచ్చి, వడగట్టి, తెలిసిన మోతాదు విషం తామే కలిపి, అంతా తిరిగొచ్చిందని చూపడం. ఆటపాక దగ్గర, పెద ఎడ్లగాడి దగ్గర, ఉప్పుటేరు మొగలో నెలనెలా తీసిన వడగట్టని నీళ్ళలో, ఉప్పు ఎంతుందో పక్కనే రాస్తూ, ఏ పూత ఏ నెలలో తప్పు చెప్పిందో పట్టిక వేస్తే దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. సీసాలు, ఉప్పు మీటరు, రెండేళ్ళ ఓపిక కావాలి.