వారానికో సమావేశం, ఏడాదికో అధ్యక్షుడు: రోటరీ సేవకు రూపమిచ్చిన రెండు నియమాలు

మన పట్టణాల్లో రోటరీ క్లబ్బు గురించి అడిగితే ఎవరైనా ముందు అది చేసిన పనులే చెబుతారు. కంటి శిబిరాలు, రక్తదానం, సర్కారు బడికి బెంచీలు, వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం. ఆ పనుల వెనక వారంవారం జరిగే సమావేశం ఊసు రాదు. బయటివారి కంటికి అది నాలుగు ఉపన్యాసాలు, ఒక గ్రూప్ ఫొటో, ఆపైన భోజనం. పరిశోధకులు కూడా ప్రాజెక్టుల మీద చూపిన శ్రద్ధ సమావేశం మీద చూపలేదు. ఈ వ్యాసం సమావేశం దగ్గరే మొదలవుతుంది. క్లబ్బు ఏ సేవ బాగా చేయగలదు, ఎక్కడ చతికిలబడుతుంది అన్నది సభ్యుల ఉదారత కంటే రెండు నియమాల మీద ఎక్కువ ఆధారపడి ఉందని నా వాదన. వారంవారం కలవాలన్నది ఒకటి. ఏడాదికో అధ్యక్షుడు మారాలన్నది రెండోది.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో యూనిటీ బిల్డింగ్ 711వ గదిలో నలుగురు కలిశారు. లాయరు పాల్ హారిస్, బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీలే, గనుల ఇంజినీరు గస్టావస్ లోయర్, దర్జీ వ్యాపారి హైరమ్ షోరీ. గది లోయర్ ఆఫీసుదే. ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో వంతులవారీగా కలవాలనుకున్నారు, క్లబ్బు పేరు కూడా అందులోంచే వచ్చింది. ఆ తొలి రోజుల్లో సేవ అనే మాటే లేదు. పల్లెల్లోంచి మహానగరానికి వచ్చి ఒంటరితనం అనుభవిస్తున్న మధ్యతరగతి వ్యాపారులకు స్నేహితులు కావాలి, దాంతోపాటు ఖాతాదారులూ కావాలి. సభ్యులు ఒకరికొకరు ఎంత వ్యాపారం ఇచ్చుకున్నారో లెక్క రాయడానికి క్లబ్బులో ప్రత్యేకంగా ఒక పదవే ఉండేది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్న నియమం కూడా ఆ అవసరంలోంచి పుట్టిందే, ఒకే గదిలో ఇద్దరు బొగ్గు వ్యాపారులు ఉంటే స్నేహం ఎంతకాలం నిలుస్తుంది?

సేవ ఈ గదిలోకి ఒక అభ్యంతరం రూపంలో వచ్చింది. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ లాయరును సభ్యుడిగా చేరమన్నప్పుడు, తన సభ్యులకు తప్ప ఊరికి పనికిరాని సంఘం ఎన్నాళ్లో నిలవదని ఆయన అన్నాడు. ఆ మాట హారిస్‌కు మనసులో నాటుకుంది. మరుసటి ఏడే షికాగో నడిబొడ్డున ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలన్న ఉద్యమం క్లబ్బు తలకెత్తుకుంది. సారా దుకాణాల వర్గం, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల వర్గం దాన్ని వ్యతిరేకించాయి. మరుగుదొడ్డి కోసం జనం తమ గుమ్మం తొక్కడమే వాళ్ల బేరానికి ఆధారం మరి. రోటరీ తొలి సేవ దానం కాదు, నగరపాలక సంస్థ మీద ఒత్తిడి. ఈ సంగతి మన క్లబ్బులు గుర్తుపెట్టుకోవలసింది. ఊరికి కావలసినది సొంత డబ్బుతో కొనివ్వడం ఒక సేవ అయితే, ఇవ్వవలసినవారి చేత ఇప్పించడం మరో సేవ. మన పట్టణాల్లో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది. రెండోది చేసే సత్తా, ఆ గదిలో కూర్చున్న డాక్టర్ల, అడ్వకేట్ల, మిల్లు యజమానుల పలుకుబడిని బట్టి చూస్తే, తక్కువేం కాదు.

వారపు సమావేశం దశాబ్దాల పాటు రోటరీకి ఆచారం మాత్రమే కాదు, సభ్యత్వానికి షరతు. వరుసగా నాలుగు సమావేశాలకు కారణం చెప్పకుండా గైర్హాజరైతే సభ్యత్వమే పోయేది. ఊరు వదిలి వెళ్లినవాడు అక్కడి క్లబ్బు సమావేశానికి వెళ్లి హాజరు వేయించుకోవచ్చు, దాన్ని మేకప్ అంటారు. విజయవాడ వ్యాపారి పనిమీద కోయంబత్తూరు వెళ్లి, ఎన్నడూ చూడని మనుషుల మధ్య కూర్చుని భోంచేసి, రెండు క్లబ్బుల జెండాలు మార్చుకుని, హాజరు చీటీతో తిరిగి వచ్చేవాడు. సేవ చేయకపోతే ఇంత కఠినమైన శిక్ష లేదు, రాకపోతే ఉంది. మొదట ఇది తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది. నిదానంగా ఆలోచిస్తే దీని తర్కం బోధపడుతుంది. ఇష్టపడి చేసే పనిలో మనుషులను ఆజ్ఞాపించలేం, ఒకచోటికి రప్పించగలం అంతే. వచ్చినవాడు నలుగురి ముందు కూర్చున్నాక, ఆదివారం క్యాంపుకు ఎవరు వస్తారని సెక్రటరీ అడిగినప్పుడు చెయ్యెత్తకుండా ఉండటం కష్టం.

మన చిన్న పట్టణంలో ఆ సమావేశం ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. సాయంత్రం ఏడున్నరకని ఆహ్వానం, ఎనిమిదికి మొదలు. మెడలో కాలర్ వేసుకున్న ప్రెసిడెంటు బల్లమీది గంట మోగిస్తాడు. ప్రార్థన అవుతుంది, తర్వాత నాలుగు ప్రశ్నల పరీక్ష చదువుతారు. మనం అనేది, చేసేది నిజమేనా, అందరికీ న్యాయమేనా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని అడిగే ఈ పరీక్షను 1932లో హెర్బర్ట్ టేలర్ రాశాడు. ఆర్థిక మాంద్యంలో దివాలా అంచున ఉన్న అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి, తన ఉద్యోగుల కోసం రాసుకున్నదది. రోటరీ దాన్ని 1943లో స్వీకరించింది. ఆ తర్వాత సెక్రటరీ ప్రకటనలు, పుట్టినరోజులు, పెళ్లిరోజులు. ఆ వారం పెళ్లిరోజు ఉన్నవాళ్లు లేచి నిలబడి ఎంతో కొంత చందా చదివించడం చాలా క్లబ్బుల్లో వాడుక. ఆలస్యంగా వచ్చినవాడికో, బ్యాడ్జి పెట్టుకోనివాడికో సమావేశంలో క్రమశిక్షణ చూసే సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ చిన్న జరిమానా వేస్తాడు. వక్త మాట్లాడతాడు: మధుమేహం మీద డాక్టరు, జీఎస్టీ మీద ఆడిటరు, కొత్తగా వచ్చిన పోలీసు అధికారి. వందన సమర్పణ, జనగణమన, భోజనం. అసలు పని చాలావరకు ఆ భోజనం దగ్గరే తేలుతుంది. కంటి ఆసుపత్రి బస్సు ఎవరు మాట్లాడాలి, కళ్యాణ మండపం యజమానిని ఎవరు అడగాలి, వంటమనిషికి అడ్వాన్సు ఎవరిస్తారు అన్న సంగతులు పళ్లెం చేత్తో పట్టుకునే తేల్చుకుంటారు.

ఆ గదిలో ఎవరున్నారన్నది కూడా చూడాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల నుంచి తెలుగునాట చదువుకు, హాస్టళ్లకు, వ్యాపారానికి కులసంఘాలు బలమైన ఆసరాగా నిలిచాయి. వాటి పక్కన వృత్తిని బట్టి సభ్యుణ్ని ఎంచే క్లబ్బు వేరే తరహా గుంపు. ఎరువుల డీలరు, బ్యాంకు మేనేజరు, కాలేజీ లెక్చరరు, నగల వ్యాపారి, పిల్లల డాక్టరు ఒకే బల్ల దగ్గర పేర్లు పెట్టి పిలుచుకుంటారు. అయితే ఈ కలయికను ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం తగదు. ఆ వృత్తులే మన సమాజంలో కులాల వెంట పంచుకుని ఉన్నాయి, చందా కట్టగలిగే స్తోమత మరో గడప. ఆడవాళ్ల విషయంలోనైతే గడప నియమంగానే ఉండేది. కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బు మహిళలను చేర్చుకున్నందుకు 1978లో దాని గుర్తింపు రద్దయింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లబ్బు పక్షాన తీర్పు చెప్పాక, 1989లో రోటరీ తన నిబంధనల నుంచి పురుషులకే అన్న షరతు తొలగించింది. మన పట్టణాల్లో ఆ తర్వాత కూడా చాలాకాలం మహిళలు సభ్యుల భార్యలుగానో, మహిళల సంఘమైన ఇన్నర్ వీల్ సభ్యులుగానో సేవ చేశారు. క్యాంపుల్లో చీటీలు రాసింది, వరసలు సర్దింది, వడ్డించింది ఎక్కువగా వాళ్లే. సభ్యుల పట్టికలో మాత్రం ఆ పేర్లు ఉండవు.

దానధర్మాలు మనకు క్లబ్బులు నేర్పినవి కావు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళగాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టింది. సత్రాలు, చెరువులు, చలివేంద్రాలు మనకు ఏనాటివో. ఆ సేవ ఒక మనిషి మీదో ఒక కుటుంబం మీదో నిలిచేది, ఆ చేయి ఆగితే పొయ్యి ఆరేది. కందుకూరి వీరేశలింగం ఈ బలహీనతను గ్రహించి రాజమండ్రిలో తన ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించాడు. 1914లో బెజవాడలో మొదలైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం కూడా వ్యక్తి నుంచి సంఘానికి నడిచిన దారిలోనిదే. 1920లో కలకత్తాలో చార్టర్ పొంది భారతదేశానికి వచ్చిన రోటరీ ఈ దారిలో ఇంకో అడుగు ముందుకు, కొంచెం పక్కకు వేసింది. ఇక్కడ సంస్థకు కేంద్రంగా మనిషి లేడు, జూలై 1 ఉంది. ఆ రోజున ప్రెసిడెంటు మారతాడు, సెక్రటరీ మారతాడు, బోర్డు మారుతుంది. నిన్నటి అధ్యక్షుడు ఇక అధ్యక్షుడు కాడు. పదవిని ఎవరూ సొంతం చేసుకోలేని ఈ ఏర్పాటు మన ప్రజాసంఘాల్లో అరుదు, అభినందించదగినది.

దానికి కట్టే ధర కూడా ఉంది. పన్నెండు నెలల అధ్యక్షుడు పన్నెండు నెలల్లో కనిపించే పని కోరుకుంటాడు. మన క్లబ్బుల సేవ ఎక్కువగా క్యాంపు రూపం తీసుకోవడానికి ప్రధాన కారణం ఇదేనని నేను అనుకుంటాను. క్యాంపుకు తేదీ ఉంటుంది, సంఖ్య ఉంటుంది, ఆ ప్రాంతపు క్లబ్బులను చూసుకునే డిస్ట్రిక్ట్ గవర్నర్ వచ్చినప్పుడు చూపించే ఫొటో ఉంటుంది. బడికి ఇచ్చిన నీటి శుద్ధి యంత్రం ఫిల్టరు రెండేళ్లకు పాడైతే, అది మూడో అధ్యక్షుడి తలమీద పడుతుంది. దాన్ని బాగుచేయించినందుకు శిలాఫలకం వేయరు. క్లబ్బులు నడిపే దీర్ఘకాలిక సంస్థలను, కంటి ఆసుపత్రులను, రక్తనిధులను పరిశీలిస్తే చాలాచోట్ల వాటికి విడిగా ట్రస్టు కనిపిస్తుంది. అంటే ఏడాదికోసారి మారే క్లబ్బు చేతిలోంచి తీసి, మారని చేతుల్లో పెడితేగాని అవి నిలవలేదు. పెద్ద ప్రాజెక్టులకు రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంట్ల నిబంధనలు ఈ లోపాన్ని కొంత సరిదిద్దుతున్నాయి. కనీసం 30,000 డాలర్ల ప్రాజెక్టు, మరో దేశపు క్లబ్బుతో భాగస్వామ్యం, ముందుగా ఊరి అవసరాల అంచనా, డబ్బు అయిపోయాక పని ఎలా సాగుతుందో రాతపూర్వకమైన జవాబు. ఇవి ఒక ఏడాదిలో తెమలవు, తర్వాతి అధ్యక్షుడు కూడా సంతకం పెట్టవలసిందే. ఆ ఊరి నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడినవారెవరైనా అక్కడి క్లబ్బులో ఉంటే జోడీ కుదరడం తేలికవుతుంది.

క్యాంపును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శుక్లాల శిబిరాన్నే తీసుకుందాం. బడి గదుల్లో, గుడారాల్లో ఆపరేషన్లు చేసే పాత పద్ధతి పోయి, శిబిరంలో పరీక్షించి రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లే పద్ధతి వచ్చాక క్లబ్బు పాత్ర మారింది. కత్తి పట్టేది ఆసుపత్రి, మనిషిని అక్కడిదాకా చేర్చేది క్లబ్బు. ఆటోకు మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్లలో చెప్పించాలి. బీపీ, షుగరు చూసి ఎవరిని పంపవచ్చో తేల్చాలి. ఇంట్లో ఎవరితో చెప్పాలో తెలియక తటపటాయించే ముసలమ్మ పక్కన కూర్చుని, "ఏం భయం లేదమ్మా, రేపు సాయంత్రానికి నేనే తీసుకొచ్చి దింపుతా" అనే తెలిసిన ముఖం కావాలి. ఆ ముఖాన్ని ఏ ఆసుపత్రీ జీతానికి పెట్టలేదు. తేలిపోయేది ఆ తర్వాతి ఘట్టం. వారానికి, నెలకు జరగవలసిన మలి పరీక్షలకు రోగి వచ్చాడా లేదా? వారంవారం కలిసే సంఘానికి ఈ ప్రశ్న అడగడం అన్నిటికంటే సులువు. చాలా సమావేశాల ఎజెండాలో అది లేకపోవడం విచారకరం.

రోటరీ చరిత్రలో అతి పెద్ద విజయం పోలియో. సాధారణంగా దీన్ని డబ్బు కథగా చెబుతారు. 1979లో ఫిలిప్పీన్స్‌లో దాదాపు 60 లక్షల మంది పిల్లలకు టీకా ఇచ్చే ప్రాజెక్టుతో మొదలై, 1985లో పోలియోప్లస్‌గా విస్తరించింది. 12 కోట్ల డాలర్లు లక్ష్యంగా పెట్టుకుంటే 1988 నాటికి 24.7 కోట్లు వచ్చాయి. ఆ ఏడే ప్రపంచ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. డబ్బు ముఖ్యమే, కాని భారతదేశంలో దాని గెలుపును సమావేశం దృష్టితో చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. 1995 డిసెంబరు 9న, 1996 జనవరి 20న దేశమంతటా తొలి పల్స్ పోలియో విడతలు జరిగాయి. ఒక తేదీ, ఒక బూత్, ఇన్ని చుక్కలు, మళ్లీ కొన్ని వారాలకు ఇంకో తేదీ. ఇది క్యాంపుల వరస. ఏడాది అధ్యక్షుడు, వారపు హాజరు అలవాటైన సంఘానికి ఇంతకంటే సరిపోయే పని మరొకటి ఉండదు. ఐస్‌ప్యాకుల మధ్య వ్యాక్సిన్ క్యారియరు, నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలి గోటికి నల్లటి గుర్తు. బూత్ మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి గోడమీద సుద్దముక్కతో గుర్తులు. ఆరోగ్యశాఖ సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు చేసిన ఈ మహాకార్యంలో క్లబ్బులు బ్యానరు కట్టాయి, టీ, టిఫిను మోశాయి, వాహనాలిచ్చాయి, రాని తల్లులను బతిమాలి తీసుకొచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో టీకా మీద అనుమానాలు పెరిగినప్పుడు ముస్లిం మతపెద్దలతో రోటరీ కమిటీ వేసి వారి నోటే భరోసా చెప్పించింది. 2009లో మన దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011 జనవరిలో హౌరాలో ఒక్కటి, అదే చివరిది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. పునరావృతమయ్యే ఒక్కరోజు పని అన్న రూపమే ఇక్కడ క్లబ్బు బలమైంది. అదే రూపం నీటి శుద్ధి యంత్రం దగ్గర బలహీనత.

ఇప్పుడు ఆ రూపానికి ఆధారమైన వారపు సమావేశమే మారుతోంది. సేవా క్లబ్బుల సభ్యత్వం అమెరికాలో సన్నగిల్లిన తీరును రాబర్ట్ పట్నం 2000లో వచ్చిన తన 'బౌలింగ్ అలోన్' గ్రంథంలో చర్చించాడు. యువతను ఆకర్షించడానికి 2016లో రోటరీ శాసనమండలి వారపు నియమాన్ని సడలించింది, నెలకు రెండుసార్లు కలిస్తే చాలు, ఆన్‌లైన్‌లోనైనా సరే. ఉద్యోగం చేసే తల్లి, షిఫ్టుల్లో పనిచేసే ఇంజినీరు ఇప్పుడు చేరగలుగుతున్నారు, అది చిన్న లాభం కాదు. కాని వాట్సాప్‌లో "నేను రెడీ" అన్న బొటనవేలు గుర్తుకు, భోజనం బల్ల దగ్గర పదిమంది వినగా ఒప్పుకున్న మాటకు తేడా ఉంది. ఆ తేడా ఆదివారం పొద్దున ఆరింటికి బస్సు దగ్గర ఎందరు తేలారన్న దానిలో బయటపడుతుంది. హాజరు సడలించిన క్లబ్బులు ఆ స్థానంలో ఇంకో కట్టుబాటు పెట్టుకోవాలి. ప్రతి సభ్యుడికీ ఏడాదికి ఒక రోగిని లేక ఒక బడిని పేరుపెట్టి అప్పగించడం అలాంటిదే.

ఈ వాదనను పరీక్షించడానికి ఆధారాలు మన మధ్యే ఉన్నాయి. క్లబ్బుల మినిట్స్ పుస్తకాలు, హాజరు రిజిస్టర్లు, సైక్లోస్టైల్ బులెటిన్లు, పరిపాలన ఖాతా నుంచి వేరుగా ఉంచవలసిన సేవా ఖాతా పుస్తకాలు పాత సెక్రటరీల ఇళ్లలో బీరువాల్లో ఉంటాయి. ఇల్లు మారినప్పుడో, ఆ పెద్దాయన పోయినప్పుడో అవి పాతపేపర్లవాడికి చేరుతున్నాయి. ఏ ఊళ్లో ఎప్పుడు తుపాను సాయం ఎలా పంచారో, ఎవరు ఏ వృత్తి పేరుతో చేరారో, మొదటి మహిళా సభ్యురాలు ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పగలిగేవి అవే. విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలు ఒక్కో జిల్లాకు ఒక్కో పరిశోధక విద్యార్థిని నియమించి, క్లబ్బుల అనుమతితో ఈ రిజిస్టర్లను స్కాన్ చేయించాలి. హాజరు శాతాన్ని, ఆ ఏడాది మొదలైన ప్రాజెక్టులు మూడేళ్ల తర్వాత ఏమయ్యాయన్న దాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, వారపు సమావేశం గురించి నేనిక్కడ అన్న మాట నిలుస్తుందో లేదో తేలుతుంది.