విదేశీ ప్రయాణానికి ఆంగ్ల పరీక్ష: ఏది, ఎవరికి, ఎందుకు?

సరిహద్దు గ్రామాలలోని మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు మాట్లాడతారు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతారు. కళాశాలలో చేరిన తరువాత ఆంగ్లానికి అలవాటు పడతారు. ఇన్ని భాషల నడుమ పెరిగినవారికి మరొక భాష నేర్వడం కొత్త కాదు. అయినా విదేశీ చదువు, విదేశీ ఉద్యోగం అనే మాట రాగానే తమకు వచ్చిన ఆంగ్లాన్ని ఒక పరీక్ష ద్వారా నిరూపించుకొనవలసి వస్తున్నది.

అటువంటి పరీక్షలు అరడజనుకు పైగా ఉన్నాయి. వాటిలో ప్రధానమైనవాటికి రుసుము పదిహేను వేల రూపాయలకు పైమాటే. పొరపాటున ఒకదానికి బదులు మరొకటి వ్రాస్తే, ఎంత మంచి స్కోరు వచ్చినా అది చెల్లదు. పొలం తాకట్టు పెట్టి పిల్లలను పంపదలచిన కుటుంబానికి ఆ పొరపాటు వల్ల డబ్బుతో పాటు ఒక విద్యా సంవత్సరం కూడా చేజారవచ్చు. అందుచేత ఏ పరీక్ష ఎవరికి తగినదో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ముందు గమ్యం, తరువాత పరీక్ష

"ఏ పరీక్ష సులభం?" అన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. మొదట అడగవలసిన ప్రశ్న అది కాదు. ఏ దేశానికి, ఏ పని మీద వెళుతున్నామన్నది ముందు తేలాలి. ఆ రెండూ తేలితే పరీక్ష దానంతట అదే తేలిపోతుంది.

ఇందులో మరొక మెలిక ఉన్నది. విదేశీ చదువుకు ద్వారాలు రెండు. ఒకటి ప్రవేశం ఇచ్చే విశ్వవిద్యాలయం, రెండవది వీసా ఇచ్చే ప్రభుత్వం. మొదటి ద్వారం అంగీకరించిన పరీక్షను రెండవది అంగీకరించాలన్న నియమం లేదు. కనుక రెండు చోట్లా విచారించిన తరువాతనే రుసుము కట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. పావగడ ప్రాంతపు యువకుడొకడు కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయదలచాడనుకొందాం. మిత్రులు వ్రాశారని తానూ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ వ్రాసి, ప్రతి విభాగంలోను 7 తెచ్చుకొన్నాడు. స్కోరు మంచిదే. కాని కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి కావలసినది ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్. పరీక్ష పేరు ఒకటే, రకం వేరు. అతడు మరల రుసుము కట్టి మరల వ్రాయవలసిందే.

ప్రధానమైన పరీక్షలు

ఐఈఎల్‌టీఎస్: 1989 నుండి ఈ పేరుతో నడుస్తున్నది. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ సంస్థలు దీని భాగస్వాములు. మన దేశంలో దీని నిర్వహణ 2021 నుండి ఐడీపీ చేతిలో ఉన్నది. వినడం 30 నిమిషాలు, చదవడం 60 నిమిషాలు, వ్రాయడం 60 నిమిషాలు. మాట్లాడే విభాగం 11 నుండి 14 నిమిషాల పాటు పరీక్షకునితో ముఖాముఖి సంభాషణగా సాగుతుంది. స్కోరును 0 నుండి 9 వరకు బ్యాండ్లుగా ఇస్తారు. ఉన్నత చదువులకు అకడమిక్, వలసకు జనరల్ ట్రైనింగ్ అన్నది స్థూలమైన విభజన.

టోఫెల్: అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థ నిర్వహించే ఈ పరీక్ష 1964లో ఆరంభమైనది. చాలాకాలం స్కోరు 0 నుండి 120 వరకు ఉండేది. 2026 జనవరి 21 నుండి పరీక్ష స్వరూపం మారి, 1 నుండి 6 వరకు కొత్త కొలమానం వచ్చింది. మార్పు కాలంలో పాత కొలమానానికి సరిపోలే స్కోరును కూడా చూపుతారు. విశ్వవిద్యాలయం అడిగినది పాత లెక్కా, కొత్త లెక్కా అన్నది సరిచూసుకోవాలి.

పీటీఈ అకడమిక్: పియర్సన్ సంస్థ 2009లో ప్రారంభించింది. సుమారు రెండు గంటల కంప్యూటరు పరీక్ష. సమాధానాలను మైకులో చెప్పాలి, ఎదుట పరీక్షకుడు ఉండడు. స్కోరు 10 నుండి 90 వరకు. కొత్తవారి ఎదుట బెరుకుపడే పిల్లలకు ఇది అనుకూలం. చుట్టూ మిగతావారు కూడా ఒకేసారి మాట్లాడుతుంటే తడబడేవారికి అంత అనుకూలం కాదు.

పీటీఈ కోర్, సెల్‌పిప్ జనరల్: ఈ రెండూ కెనడా వలసకు ఉపయోగపడతాయి. 2024 జనవరి నెలాఖరు నుండి కెనడా ప్రభుత్వం పీటీఈ కోర్‌ను అంగీకరిస్తున్నది. పీటీఈ అకడమిక్ ఆ పనికి చెల్లదు.

ఓఈటీ: వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు మొదలైన 12 వైద్యరంగ వృత్తులవారి కోసం రూపొందినది. రోగితో సంభాషణ, మరొక వైద్యునికి లేఖ వ్రాయడం వంటి అంశాలు ఇందులో ఉంటాయి.

డ్యుయోలింగో: ఇంటి వద్దనే కంప్యూటరు ముందు కూర్చొని, సుమారు ఒక గంటలో ముగించవచ్చు. రుసుము మిగతావాటికన్న చాలా తక్కువ. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి. అయితే ఆస్ట్రేలియా వీసాకు గాని, కెనడా శాశ్వత నివాసానికి గాని ఇది పనికిరాదు.

దేశాన్ని బట్టి

అమెరికా: విద్యార్థి వీసాకు ఫలానా పరీక్షే వ్రాయాలన్న నిబంధన లేదు. నిర్ణయం విశ్వవిద్యాలయానిది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, పీటీఈ, డ్యుయోలింగోలలో ఏవి చెల్లుతాయో ఆ విభాగమే చెబుతుంది. అయితే వీసా అధికారితో ముఖాముఖి ఆంగ్లంలో మాట్లాడవలసిన సందర్భం వస్తుంది. సులభమైన పరీక్షతో ప్రవేశం పొందినంత మాత్రాన ఆ అవసరం తీరదు.

బ్రిటన్: డిగ్రీ స్థాయి చదువుకు అర్హత గల విశ్వవిద్యాలయాలు విద్యార్థి ఆంగ్లాన్ని తామే అంచనా వేసుకోవచ్చు. ఉద్యోగ వీసాకు, కుటుంబ వీసాకు మాత్రం ప్రభుత్వ జాబితాలోని సురక్షిత పరీక్షే కావాలి. ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ, పీటీఈ అకడమిక్ యూకేవీఐ అటువంటివి. ప్రశ్నలు సాధారణ పరీక్షలోని మాదిరే ఉన్నా, ధ్రువపత్రం వేరు. 2014 తరువాత టోఫెల్ ఆ జాబితాలో లేదు. నైపుణ్య ఉద్యోగ వీసాకు కావలసిన స్థాయిని 2026 జనవరి 8 నుండి బీ1 నుండి బీ2కు పెంచారు. పెండ్లి చేసుకొని భర్త వద్దకు వెళ్ళే మన ఆడపిల్లలకు మొదటి వీసాలో ప్రాథమికమైన ఏ1 స్థాయి చాలు. దానికి ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అనే చిన్న పరీక్ష ఉన్నది. ఇందులో వినడం, మాట్లాడడం మాత్రమే ఉంటాయి.

కెనడా: నైపుణ్య కార్మికుల పథకంలో కనీస స్థాయి ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్‌లో ప్రతి విభాగానికి 6. అది కనీసం మాత్రమే. పోటీలో నిలవాలంటే ఎక్కువ కావాలి. విద్యార్థులకు వేగంగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబరు 8న రద్దు చేశారు. ఇప్పటికీ ఎవరైనా ఆ పేరు చెప్పి రుసుము అడిగితే నమ్మరాదు.

ఆస్ట్రేలియా: విద్యార్థి వీసాకు కావలసిన ఐఈఎల్‌టీఎస్ స్థాయిని 2024 మార్చి 23న 5.5 నుండి 6కు పెంచారు. ఇంటి వద్ద వ్రాసిన పరీక్షలను అక్కడి వీసా శాఖ అంగీకరించదు. పరీక్షా కేంద్రానికి వెళ్ళి వ్రాయవలసిందే.

నర్సులకు ప్రత్యేక గమనిక: బ్రిటన్‌లో నమోదు కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదవడం, వినడం, మాట్లాడడం విభాగాలలో 7, వ్రాయడంలో 6.5 కావాలి. ఓఈటీలో అయితే ఆ మూడింట బీ గ్రేడు, వ్రాయడంలో సీ ప్లస్ చాలు. సాధారణ వ్యాసరచన కన్న ఆసుపత్రి లేఖ వ్రాయడమే చేతికి అలవాటైనవారు ఓఈటీని పరిశీలించడం మేలు.

పేరు విషయంలో మనకున్న చిక్కు

సరిహద్దు కుటుంబాలకు ఇది ముఖ్యమైన సంగతి. ఇంట్లో ఇంటిపేరు ముందు వ్రాస్తాము. తమిళనాడు బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా వ్రాస్తారు. మరొక రాష్ట్రపు ధ్రువపత్రంలో తండ్రి పేరే ఇంటిపేరుగా మారిపోతుంది. పరీక్షకు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరే ప్రమాణం. అందులో ఉన్న అక్షరాలనే, ఆ క్రమంలోనే నమోదు చేయాలి. పరీక్ష రోజున అదే పాస్‌పోర్టు అసలు ప్రతిని చూపాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే, అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరును ఇంటిపేరుగా చూపి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని ముద్రిస్తారు. తరువాత బ్యాంకులోను, కళాశాలలోను చిక్కులు వస్తాయి. అందుచేత పదవ తరగతి ధ్రువపత్రం, ఆధార్, పాస్‌పోర్టులలో పేరు ఒకే తీరున ఉండేటట్లు సరిచేయించిన తరువాతనే పరీక్షకు నమోదు చేయడం మంచిది.

కేంద్రం, గడువు

మన సొంత రాష్ట్రంలోనే వ్రాయాలన్న నియమం లేదు. హోసూరు వారికి బెంగళూరు, తిరుత్తణి వారికి చెన్నై, రాయగడ వారికి విశాఖపట్నం, కిన్వట్ వారికి హైదరాబాదు అనుకూలం. బళ్ళారి వారు బెంగళూరుకు గాని హైదరాబాదుకు గాని వెళ్ళవచ్చు. యానాం వారికి విశాఖ, విజయవాడ రెండూ అందుబాటులో ఉన్నాయి.

స్కోరు సాధారణంగా రెండేళ్ళు చెల్లుతుంది. మరీ ముందుగా వ్రాస్తే దరఖాస్తు నాటికి గడువు తీరవచ్చు. మరీ ఆలస్యమైతే మరల వ్రాయడానికి వ్యవధి ఉండదు. ప్రవేశ గడువుకు ఆరేడు నెలల ముందు వ్రాయడం సమంజసం. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్క విభాగాన్నే మరల వ్రాసే వెసులుబాటు ఉన్నది గాని, దానిని అందరూ అంగీకరించరు.

ఇక ఉచ్చారణ గురించి భయం అక్కరలేదు. బ్రిటిషు వారి యాస గాని, అమెరికా వారి యాస గాని ఎవరూ కోరరు, మాట స్పష్టంగా ఉంటే చాలు. మాట చివర ఉకారం చేర్చే అలవాటును మాత్రం తగ్గించుకోవాలి. అట్లే పరీక్ష వ్రాయకుండానే స్కోరు ఇప్పిస్తామనే దళారులను దరిచేరనీయరాదు. స్కోరును విశ్వవిద్యాలయాలు నేరుగా పరీక్షా సంస్థ వద్దనే సరిచూసుకొంటాయి. తప్పుడు పత్రం పట్టుబడితే కెనడా ఐదేళ్ళు, బ్రిటన్ పదేళ్ళ వరకు ప్రవేశం నిరాకరించగలవు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల?

రుసుము కట్టే ముందు

1. దేశం, పని రెండూ నిర్ణయమైనవా?
2. విశ్వవిద్యాలయం, వీసా శాఖ రెండూ ఆ పరీక్షను అంగీకరిస్తున్నాయా?
3. పరీక్ష రకం సరియైనదేనా? అకడమిక్, జనరల్, యూకేవీఐ, కోర్‌లలో ఏది?
4. మొత్తం స్కోరే కాక, విభాగాల వారీ కనీస స్కోరు ఎంత?
5. పాస్‌పోర్టులో పేరు, దాని గడువు సరిగా ఉన్నాయా?

ఈ ఐదింటికి సమాధానాలు ఆయా విశ్వవిద్యాలయాల, ప్రభుత్వాల వెబ్‌సైట్లలోనే చూసి, ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. నిబంధనలు ఏటేటా మారుతున్నాయి కనుక, నిరుడు వెళ్ళిన పొరుగింటి అబ్బాయికి చెల్లినది ఈ ఏడు మన అమ్మాయికి చెల్లుతుందని అనుకోరాదు.