శ్రీనివాసపురం గోమాళాల ఎర్రనేల: గుణాలు, వర్గీకరణ

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలోను, దానిని ఆనుకొని మదనపల్లె వైపు సాగే పల్లెల్లోను గుట్టల పాదాల వెంబడి పశువుల మేతకు విడిచిన భూములున్నాయి. కర్ణాటక రెవెన్యూ లెక్కల్లో వీటిని గోమాళమని, ఆంధ్ర వైపు మేత పోరంబోకు అని వ్యవహరిస్తారు. ఈ భూముల్లో అధికభాగం ఎర్రనేల. కన్నడంలో దీనినే కెంపు మణ్ణు అంటారు. గులకరాళ్ళు ఎక్కువగా ఉంటే తెలుగువారు గరుసు నేల అంటారు. పేర్లు వేరైనా నేల ఒక్కటే.

దున్నితే చాలినంత పంట రాదు కనుక ఇది పనికిరాని నేల అన్న అభిప్రాయం జనంలో ఉంది. నేలశాస్త్రం ఆ మాటను అంగీకరించదు. ఈ నేల గడ్డికి తగినది. గడ్డి ఉన్నంతకాలం పశువులకు మేతను, దిగువ చెరువుకు తేటనీటిని ఇస్తుంది. గడ్డిని తొలగించి దున్నినచోట కొన్నేళ్ళలోనే రాయి బయటపడుతుంది. ఇందుకు కారణం నేల గుణాల్లోనే ఉన్నది.

పుట్టుక

ఈ ప్రాంతపు అడుగురాయి గ్రానైటు, నైసు జాతులకు చెందినది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు, కొన్నిచోట్ల అంతకు మించి కూడా. ఎండకు, వానకు ఈ రాయి శిథిలమై ఇసుకగా, బంకమన్నుగా మారుతుంది. రాతిలోని ఇనుము గాలి, తేమ తగిలి ఆక్సైడుగా మారుతుంది. వాటిలో హెమటైట్ అనే ఖనిజం ఎరుపు రంగును, గోథైట్ పసుపు రంగును ఇస్తాయి. కనుక ఎరుపు రంగు సారానికి గుర్తు కాదు; నీరు నిలవకుండా దిగిపోయే నేల అనడానికి గుర్తు.

రాయి ఈ విధంగా నేలగా మారడం మిక్కిలి నెమ్మదైన ప్రక్రియ. ఒక అంగుళం మన్ను ఏర్పడడానికి వందల సంవత్సరాలు పడుతుంది. ఒక మనిషి జీవితకాలంలో పోయిన మన్ను మరల రాదని గ్రహించాలి.

కోలారు బంగారు గనుల పరిసరాల్లో అడుగురాయి వేరు. అక్కడ నల్లని హార్న్‌బ్లెండ్ షిస్టు రాతి పట్టీ ఉన్నది. గనులు 2001లో మూతపడినా, వాటి వద్ద గుట్టలుగా మిగిలిన సైనైడు దిబ్బలు నేల కావు. అవి రాయిని పొడిచేసి బంగారం తీసిన తరువాత మిగిలిన పిండి. శ్రీనివాసపురం ఎర్రనేలతో వాటిని కలిపి చూడరాదు.

ముఖ్య గుణాలు

కూర్పు: పైపొర ఇసుకపాలు ఎక్కువగా గల గరప నేల. లోతుకు పోయేకొద్దీ బంకమన్ను పెరుగుతుంది. వాననీరు సన్నని బంకకణాలను పైనుండి కిందికి దింపడమే ఇందుకు ప్రధాన కారణం.

నీటిని నిలిపే శక్తి: మీటరు లోతుగల ఎర్రనేల మొక్కకు అందే నీటిని సుమారు 100 మిల్లీమీటర్ల మేర దాచుకోగలదు. నల్లరేగడి ఇంచుమించు దీనికి రెట్టింపు దాస్తుంది. గోమాళంలో నేల అడుగు లోతే ఉంటే, దాగే నీరు మూడోవంతుకు తగ్గుతుంది. అందువలన పది పదిహేను రోజులు వాన తప్పితే పైరు వాడుతుంది. వేరు పాతుకొన్న గడ్డి మాత్రం ఎండి, మరుసటి వానకు తిరిగి చిగురిస్తుంది.

పైపెచ్చు కట్టడం: ఈ నేలలోని బంకమన్నులో కేయోలినైట్ ఎక్కువ. అది రేగడిలోని బంకవలె ఉబ్బదు, పగుళ్ళు ఇవ్వదు. బోడినేలపై చినుకులు పడినప్పుడు సన్నని కణాలు రంధ్రాలను మూసివేస్తాయి. ఎండగానే పైన గట్టి పెచ్చు ఏర్పడుతుంది. తరువాతి వాన ఇంకక పరుగెత్తుతుంది. పశువుల గిట్టల తొక్కిడి దీనిని మరింత గట్టిపరుస్తుంది.

సారం: ఉదజని సూచిక సాధారణంగా 6కు, 7.5కు మధ్య ఉంటుంది; అంటే చౌడు బాధ తక్కువ. సేంద్రియ కర్బనం మాత్రం చాలాచోట్ల అర శాతానికి లోపే. నత్రజని కొరత సాధారణం. ఉన్న కొద్దిపాటి సారం కూడా పై నాలుగైదు అంగుళాల్లోనే ఉంటుంది.

గుట్ట నుండి చెరువు దాకా

ఒకే ఊరిలో నేల ఒకే విధంగా ఉండదు. గుట్ట తలపై బండ, దాని సందుల్లో నాలుగైదు అంగుళాల మన్ను ఉంటాయి. గుట్ట పాదాన జానెడు, మూరెడు లోతు గరుసు ఉంటుంది. గోమాళాలు ఎక్కువగా ఇక్కడే. ఇంకా దిగితే రాగి, వేరుశనగ వేసే చేలు, మామిడితోపులు వస్తాయి. చెరువు కింద ఒండ్రు చేరిన లోతైన మడి నేల ఉంటుంది. పైవాలులో కోల్పోయిన మన్నే కిందివాలులో చేరినది. ఈ తాలూకా మామిడికి ప్రసిద్ధి. మామిడి వేరు శిథిలమైన రాతిలోకి సైతం దిగుతుంది కనుక గరుసులోనూ బ్రతుకుతుంది. కానీ అడుగున గట్టిబండ దగ్గరగా ఉన్నచోట చెట్టు గిడసబారుతుంది.

శాస్త్రీయ వర్గీకరణ

నేలలకు పేరు పెట్టడంలో మన దేశం అమెరికా వ్యవసాయశాఖ 1975లో ప్రచురించి, 1999లో సవరించిన పద్ధతిని అనుసరిస్తున్నది. ఇందులో క్రమం, ఉపక్రమం, మహావర్గం, ఉపవర్గం, కుటుంబం, శ్రేణి అనే ఆరు మెట్లున్నాయి. క్రమాలు 12. నాగపూరు కేంద్రంగా గల జాతీయ నేల సర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థ దేశంలో ఈ పని చేస్తున్నది.

లోతైన ఎర్రచేలు ప్రధానంగా ఆల్ఫిసాల్ క్రమానికి చెందుతాయి. వీటిలో మిక్కిలి ఎర్రనివి రోడుస్టాల్ఫ్ మహావర్గం. ఈ పేరును చివరినుండి చదవాలి. ‘ఆల్ఫ్’ అనగా ఆల్ఫిసాల్: అడుగుపొరలో బంకమన్ను చేరిన, క్షారమూలకాలు పూర్తిగా కడిగిపోని నేల. ‘ఉస్ట్’ లాటిన్‌లో కాలినది అనే మాటనుండి వచ్చింది: ఏడాదిలో కొంతకాలం ఎండే నేల. ‘రోడ్’ గ్రీకులో గులాబి: ఎర్రని నేల. హైదరాబాదు సమీపంలోని ఇక్రిశాట్ క్షేత్రంలో గల పటాన్‌చెరు శ్రేణి ఎర్రనేల ఈ మహావర్గానిదే. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన గల పచ్చికబయళ్ళలోను ఆల్ఫిసాల్ నేలలు విస్తారంగా ఉన్నాయి.

గోమాళాల పలుచని నేలలు చాలావరకు ఈ క్రమంలోకి రావు. పొరలు అప్పుడప్పుడే ఏర్పడుతున్నవి ఇన్సెప్టిసాల్‌లు. పొరలే ఏర్పడని రాతి మన్ను ఎంటిసాల్. వీటి ఉపవర్గం పేరులో ‘లిథిక్’ అన్న మాట ఉంటే, 50 సెంటీమీటర్ల లోపే గట్టి బండ ఉన్నదని అర్థం. పల్లెవాసులకు ఈ పేర్లన్నింటిలో ఎక్కువగా పనికివచ్చేది ఈ ఒక్క మాట.

వినియోగాన్ని బట్టి తరగతులు

భూసామర్థ్య వర్గీకరణలో నేలలను 8 తరగతులుగా విభజిస్తారు. మొదటి నాలుగు సాగుకు తగినవి. 5 నుండి 7 వరకు పచ్చికకు, చెట్లకు తగినవి. 8వది వన్యప్రాణులకు విడువదగినది. లోతు 25 సెంటీమీటర్లలోపు ఉంటే మిక్కిలి పలుచన, 25 నుండి 50 వరకు పలుచన అంటారు. పలుచని నేల, నిలువు వాలు, రాళ్ళు కలిసిన గోమాళం సాధారణంగా 6, 7 తరగతుల్లో చేరుతుంది.

కర్ణాటక భూరెవెన్యూ నియమాలు, 1966 ప్రకారం ప్రతి 100 పశువులకు 12 హెక్టార్లు, అనగా సుమారు 30 ఎకరాలు, గ్రామంలో ఉచిత మేతకు ఉంచాలి. ఈ లెక్క విస్తీర్ణాన్ని మాత్రమే చెబుతుంది. మన్ను కొట్టుకుపోతే విస్తీర్ణం కాగితంపై మిగిలినా మేత మిగలదు.

గడ్డి పోతే కలిగే నష్టం

ఒక ఎకరంపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది సుమారు లక్ష లీటర్ల నీరు. గడ్డి దుబ్బులు దీని వేగాన్ని తగ్గించి ఇంకజేస్తాయి. బోడినేలపై ఈ నీరే మన్నును మోసుకుపోతుంది. ఎకరం మేర ఒక్క మిల్లీమీటరు పొర పోయినా సుమారు 6 టన్నుల మన్ను పోయినట్లు. కంటికి కనిపించని ఈ నష్టం ఏటా జరిగితే 25 ఏళ్ళలో అంగుళం పైపొర పోతుంది. ఆ మన్ను చెరువులో పూడికగా చేరుతుంది. అంటే ఊరు మేతను, నీటిని ఒకేసారి కోల్పోతుంది.

గ్రామస్థులు చేసుకొనదగిన పరీక్షలు

1. లోతు: గోమాళంలో ఎగువ, నడుమ, దిగువ మూడుచోట్ల గుంత తీసి, గడ్డపార గట్టిబండకు తగిలే లోతును కొలవాలి. మూరెడు లోపు బండ తగిలితే అక్కడ నాగలి పెట్టరాదు.

2. కూర్పు: గాజుసీసాలో మూడోవంతు మన్ను, మిగతా నీరు పోసి కుదిపి ఉంచాలి. ఇసుక ఒక నిమిషంలోను, ఒండ్రు కొన్ని గంటల్లోను, బంకమన్ను ఒక రోజుకో అంతకు తరువాతనో అడుగుకు చేరుతుంది. మూడు పొరలను స్కేలుతో కొలిస్తే పాళ్ళు తెలుస్తాయి.

3. ఇంకుడు: రెండువైపులా తెరిచిన డబ్బాను నేలలో రెండంగుళాలు దింపి నీరు పోయాలి. గడ్డి ఉన్నచోట, బోడిచోట ఇంకే కాలాన్ని పోల్చితే పైపెచ్చు ప్రభావం కంటికే తెలుస్తుంది.

4. సారం: 15 సెంటీమీటర్ల లోతువరకు తీసిన నమూనాను పరీక్షాకేంద్రానికి పంపాలి. కోలారు సమీపాన టమకలోని కృషి విజ్ఞాన కేంద్రంలో సలహా పొందవచ్చు.

సంరక్షణ

గోమాళాన్ని మూడు నాలుగు భాగాలుగా చేసి, తొలకరి తరువాత కొన్ని వారాలపాటు వంతులవారీగా ఒక్కో భాగంలో మేపు ఆపితే గడ్డి గింజ రాలడానికి వ్యవధి దొరుకుతుంది. వాలుకు అడ్డంగా సమతల రేఖలపై చిన్న కట్టలు వేయాలి. నేలలో నత్రజని తక్కువ కనుక స్టైలో వంటి పప్పుజాతి మేతను గడ్డి నడుమ చల్లడం మేలు. దాని గింజ పైతోలు గట్టిది కనుక వేడినీటిలో కొద్దిసేపు ఉంచి చల్లాలి. పైపొర మన్నును ఇంటి పునాదులకు, రోడ్లకు తవ్వుకొని పోవడాన్ని గ్రామపంచాయతీ స్థాయిలోనే నివారించాలి. మన్ను అవసరమైనవారు చెరువు పూడికను తీసుకొంటే అటు చెరువు లోతు పెరుగుతుంది, ఇటు గోమాళం మిగులుతుంది.